నా లేజరూ, మావయ్య ఆటో స్టేండూ

విజయనగరంలో పరిశోధన చేస్తున్న ఆ రోజుల్లో, నాకు తెలియనిది ఏదైనా ఉందంటే దాన్ని ఇంకా ఎవరూ కనిపెట్టి ఉండరని నా గట్టి నమ్మకం. (ఇప్పుడూ నమ్మకానికి లోటేం లేదు. కాకపోతే నోరు తెరిచే ముందు ఒకసారి అటూ ఇటూ చూసుకుంటున్నాను.) నా చేతికిచ్చిన యంత్రం పేరు ఆప్టికల్ పారామెట్రిక్ ఆసిలేటర్. పేరుకి భయపడక్కర్లేదు. లేజరు నుంచి తళుకు తళుకుగా వచ్చే కాంతి ఒక స్ఫటికంలో పడి వేరే రంగుగా మారుతుంది. ఆ కొత్త కాంతి అద్దాల మధ్య ఒక చుట్టు తిరిగి, లేజరు నుంచి మరో తళుకు వచ్చే వేళకి సరిగ్గా స్ఫటికం దగ్గర హాజరు కావాలి. అందుకుంటే బలం పుంజుకుంటుంది, లేకపోతే ఆరిపోతుంది. అయితే స్ఫటికంలోనూ గాజులోనూ ఒక్కో రంగు ఒక్కో వేగంతో నడుస్తుంది. దాన్నే డిస్పర్షన్ అంటారు. అది తళుకుని సాగదీసి పాడుచేస్తుందని నేను చదివిన పుస్తకాలన్నీ తిట్టేవి. నేను రెండు నెలలు కూర్చుని, ప్రత్యేకమైన అద్దాలు బిగించి, ఆ తేడాని దాదాపు లేకుండా చేసేశాను. "మన దగ్గర డిస్పర్షన్ అన్న మాటే లేదు సార్" అని మా గైడుగారికి ఎంతో గొప్పగా చెప్పుకున్నాను.

ఆ గొప్ప వారం నిలవలేదు. ఏసీ ఆగి, బల్ల వెచ్చబడి, అద్దాల మధ్య దూరం వెంట్రుకలో వందోవంతు పెరిగితే చాలు, తెర మీద రంగుని చూపించే గీత ఈ కొస నుంచి ఆ కొసకి పరుగు. సోమవారం కమిటీవాళ్లు వస్తున్నారు. రంగుని అరగంట కదలకుండా నిలబెట్టి చూపించకపోతే నా పరిశోధన అక్కడితో సరి. "నీ అమరికలో ఏదైనా లోపముందేమో చూశావా అమ్మా?" అని గైడుగారు అడిగితే, "తప్పంతా ఏసీదే సార్" అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టే ఉంది నా సంగతి.

శనివారం ఏడుపు మొహంతో ఇంటికి బయల్దేరి గరివిడి స్టేషన్లో దిగాను. అక్కడి నుంచి మా ఊరికి షేర్ ఆటో నడిపేది మా అమ్మ తమ్ముడే. దారిలో కల్వర్టు కూలడంతో ఆటో చుట్టుదారి పట్టింది. మావయ్య సణుగుతూనే ఉన్నాడు.

"ఏటి మావయ్యా, అంత చిరాకు?"

"సిరాకు కాదేటే మరి! ఇదివరకు స్టేండులో తలో రకం బండి ఉండీది, దేని జోరు దానిది. దారి రవ్వంత పెరిగి నా బండి రైలు అందుకోనేకపోతే, నాకంటే కాస్త జోరున్న పక్కోడిది అందుకునీది. బేరం పక్కకే ఎల్లీది. ఇప్పుడు సూడు, అందరూ ఒకే రకం బళ్లు కొనీసినారు. రవ్వంత తేడా వస్తే స్టేండు సివరదాకా ఎతికినా రైలందుకునే బండి నేదు."

"మావయ్యా, ఆపు!"

"ఏటే, వాంతొస్తన్నాదా?"

వాంతి కాదు, బుద్ధి వచ్చింది. నేను చేసిన ఘనకార్యం అదే. రంగులన్నిటినీ ఒకే జోరు బళ్లు చేసేశాను. దూరం కాస్త పెరిగినా, వేళకి చేరగల రంగు కోసం నా యంత్రం ఎక్కడికో పరిగెత్తాల్సి వస్తోంది. వేగాల్లో తేడా బాగా ఉంటే పక్క రంగే సరిపోయేది.

ఆదివారం పొద్దున్నే వెనక్కి వచ్చి, కాంతి దారిలో మందపాటి గాజుదిమ్మ ఒకటి పెట్టాను. తళుకు కాస్త సాగింది, కానీ గీత నిలబడింది. సోమవారం కమిటీ ముందు అరగంట బుద్ధిగా నిలబడింది. "డిస్పర్షన్ అన్న మాటే లేదన్నావు?" అన్నారు గైడుగారు. "కొంచెం ఉండాలి సార్" అన్నాను, అదేదో నేనే కనిపెట్టినట్టు.

థీసిస్ మొదటి పేజీలో గైడుగారికీ, కమిటీకీ, ఏసీ బాగుచేసినతనికీ కూడా కృతజ్ఞతలు చెప్పుకున్నాను. మావయ్య పేరు రాయలేదు. లేజరు పుస్తకంలో ఆటో స్టేండేమిటని నవ్వుతారని నామోషీ. ఇప్పుడు నా విద్యార్థులకి ఆ పాఠం మావయ్య మాటలతోనే చెబుతాను, కానీ అచ్చయిన పేజీ అలాగే ఉంది. ఆయన ఒక కాపీ అడిగి తీసుకుని, ప్లాస్టిక్ కవరు తొడిగి ఆటోలో పెట్టుకున్నాడు. మొన్న నేను ఎక్కినప్పుడు కూడా ఎవరికో చూపిస్తున్నాడు.

"మా మేనకోడలు రాసినాది. నాకు ఇంగిలీషు రాదు గానీ, ఇందల ఎక్కడో నా సంగతి రాసే ఉంటాది."

నేను నవ్వేసి రోడ్డు వైపు తిరిగాను. అన్నీ తెలిసిన ఆ పిల్లకి ఆ ఒక్క వాక్యం రాయడం తెలియలేదు.