ఇరవయ్యో అంతస్తులో ఎండురొయ్యల కూర

నేను పెద్ద కంపెనీలో చేరేటప్పుడు నజ్మా పేటలోని పాత ఆఫీసు యజమాని ఒక గడువు పెట్టారు. ఆయనది నిజామాబాద్, ఈ అరబ్బు దేశానికొచ్చి చాలా ఏళ్ళయింది. ఏసీలు బిగించే చిన్న వ్యాపారం, ఆయనతో కలిపి ఆరుగురం. "నీ ప్రొబేషన్ అయ్యేదాకా కుర్చీ ఎవరికీ ఇయ్యను. నచ్చకపోతే వచ్చెయ్ బిడ్డా. తర్వాత మాత్రం నన్నడగొద్దు," అన్నారు.

అక్కడ మధ్యాహ్నం టేబుల్ మీద పేపర్ పరిచి అందరం కలిసి తినేవాళ్ళం. నా డబ్బా మూత నాకంటే ముందు ఎవరో ఒకరు తీసేవారు. పెళ్ళెప్పుడు, ఎందుకు మాట్లాడవు, సంచిలో ఆ లావు పుస్తకం ఏమిటి, అన్నీ అడిగేవారు. జీతం ఒక్కో నెల ఆలస్యమయ్యేది.

కొత్త ఆఫీసు ఇరవయ్యో అంతస్తులో. జీతం చెప్పిన రోజుకే పడుతుంది. హెల్త్ కార్డు ఉంది. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో నేనుండే అక్కావాళ్ళ సందు చివరికి కంపెనీ బస్సు వస్తుంది, అందులో చదువుకోవచ్చు. సైట్ల నుంచి వచ్చే డ్రాయింగులకు నంబర్లు వేసి పైవాళ్ళకు పంపడం నా పని. అవి ఏ భవనాలవో నాకు తెలియదు. పక్క సీటావిడకూ తెలియదు.

ప్రొబేషన్ చివరి వారంలో అక్క వంకాయ ఎండురొయ్యల కూర కట్టింది. నజ్మా అలవాటుతో దాన్ని ప్యాంట్రీలో మైక్రోవేవ్‌లో పెట్టాను. ఈ భవనంలో కిటికీలు తెరుచుకోవని తట్టలేదు. కాసేపటికి అంతస్తంతా మా వంటిల్లే. పక్క సీటావిడ ముక్కు మూసుకుని, "ఎవరోగానీ ధైర్యవంతులు," అంది. నేను మెట్ల దగ్గర నిలబడి తిన్నాను. తిరిగి వచ్చేసరికి అందరికీ మెయిల్ వచ్చి ఉంది: ఘాటైన వంటలు దయచేసి ఇక్కడ వేడిచేయవద్దు. ఎవరు చేశారని ఎవరూ వెతకలేదు. నజ్మాలో అయితే సాయంత్రానికల్లా రొయ్యల పేరుతో నాకో ముద్దుపేరు స్థిరపడేది.

ఆ రోజు బస్సులోంచి పాత యజమానికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"ఎవరు చేసిండ్రని ఎవ్వరూ అడగలే?"

"లేదు సార్."

"నువ్వు తిన్నవా అని?"

"అదీ అడగరు."

"మరింకేంది? యల్లా, నడువ్, వచ్చెయ్."

"అడగకపోవడమే బాగుంది సార్. ఇక్కడే ఉంటాను."

"ఇక్కడున్నప్పుడు ఇన్ని మాటలు ఎన్నడన్న మాట్లాడినవా నువ్వు?" అని నవ్వారు. "సరే, కుర్చీ ఇచ్చేస్తున్న. ఒక శనివారం ఆ కూర ఇటు పట్టుకరా."

మరుసటి నెల ఒక శనివారం వెళ్ళాను. నాకు సెలవు, వాళ్ళకు పనిరోజు. నా కుర్చీలో కొత్తమ్మాయి ఉంది. పేపర్ పరిచారు. ఆయన మామూలుగానే ఆమె డబ్బా మూత తీయబోతుంటే ఆమె తల వంచుకుంది. నేను నా డబ్బా మూత తీసి మధ్యలో పెట్టాను. చేతులన్నీ ఇటు తిరిగాయి.