దిగుడు దారిలో జాయిద్ జీపు

జాయిద్ జీపు తోలడం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లు. కనుమ దిగాలంటే భయం కూడా అన్నేళ్లుగానే ఉంది. ఊళ్లో ఎవరికీ తెలియదు. అట్లాస్ కొండల్లో ఆ ఊరికి మంచుకాలంలో ఎక్కి దిగే బండి అదొక్కటే. తోలగలిగేవాడు అతనొక్కడే. మానేస్తానంటే ఊరంతా సంతకెలా పోతుంది?

ఆ ఊరివాళ్లకో పద్ధతి ఉంది. సంత నుంచి వస్తూ కనుమ మీద అందరూ దిగిపోతారు. జీపు వెనకాల చక్రాల జాడల్లో నడుస్తారు. బండిలో జాయిద్ ఒక్కడే. పోతే ఒక్కడే పోతాడని. మాట సబబుగానే ఉంది గానీ, ఆ ఒక్కడూ ప్రతిసారీ తానే కావడం అతనికి మింగుడుపడదు.

ఆ శనివారం అతని మేనత్త తుదా మాత్రం దిగలేదు. తుంటి విరిగి, రెండు నెలలు పట్నం ఆసుపత్రిలో పడుకుని ఇంటికొస్తోంది. మోసుకుపోదామంటే మోకాలి లోతు మంచు.

"నేను కదల్ను. చలికి చచ్చేకంటే నీ తోలుడికి చావడమే నయం," అంది.

"ముందా కడ్డీ గట్టిగా పట్టుకో అత్తా. చావు సంగతి తర్వాత చూద్దాం."

చదును మీద ఉండగానే ఫోర్‌వీల్ వేశాడు. జారడం మొదలయ్యాక వేస్తే దండగ. చిన్న గేరులో పెట్టి, కాలు బ్రేకు దగ్గర్నుంచి తీసేసి, బండిని ఇంజనుకే అప్పజెప్పాడు. నాలుగు చక్రాలూ లాగడానికే గానీ ఆపడానికి కాదు. మంచు మీద ఆపడమంటే ఏ బండికైనా గండమే. ఇదంతా అతనికి నిద్రలో లేపి అడిగినా తెలుసు.

రెండో మలుపులో ముసలమ్మ "అమ్మో" అంది. అంతే. ఇరవై ఆరేళ్లలో ఎన్నడూ చెయ్యని పని అతని కాలు చేసింది. బ్రేకు తొక్కింది.

చక్రాలు బిగుసుకున్నాయి. బండి లోయవైపు పక్కకు జారింది. జాయిద్ చటుక్కున కాలు ఎత్తేశాడు. చక్రాలు మళ్లీ తిరిగి పట్టు దొరికాక, మెల్లగా కొండవైపు మళ్లించాడు. జీపు గట్టు మంచులో ముక్కు గుచ్చుకుని ఆగింది. అతని తలుపు కొండకు ఆనుకుపోయింది. అత్త వైపు తలుపు తీస్తే అడుగు పడేది లోయలోనే.

ఇద్దరూ లోపలే ఉండిపోయారు. అద్దాలకు ఆవిరి పట్టింది.

"ఒరే, నీ కాళ్లు వణుకుతున్నాయి."

"ఎప్పుడూ వణుకుతాయి."

"మరి మానెయ్యవేం?"

"నువ్వు తోలుతావా?"

తుదా తన వైపు అద్దం మీది ఆవిరిని అరచేత్తో తుడిచింది. "కాళ్లు బాగుంటే నేనూ దిగిపోయి నీ వెనకాలే నడిచేదాన్ని. అబద్ధమెందుకు?" అంది.

"తెలుసత్తా."

ఈలోగా వెనకవాళ్లు వచ్చి, సంతలో కొన్న కొత్త టీ పళ్లేలతో మంచు తవ్వారు. పక్కింటి హమ్మూ అద్దం మీద కొట్టాడు. "ఏం బావా, కునుకు తీస్తున్నావా?"

"నువ్వొచ్చి కూర్చో, జోలపాడతా!"

అందరూ నవ్వారు. నవ్వి, మళ్లీ వెనక్కి జరిగి నిలబడ్డారు. ఇంకా ఐదు మలుపులున్నాయి.

తుదా కడ్డీ వదిలేసి అతని మోకాలు పట్టుకుంది. "ఈ కాలు మళ్లీ బ్రేకు వైపు పోయిందో, రక్తం వచ్చేట్టు గిల్లుతా."

జాయిద్ గేరు వేశాడు. వెనకాల జనం నడవడం మొదలుపెట్టారు.