అమావాస్య లేని షెడ్యూలు

మిర్యాలగూడల ఒక రైస్ మిల్లుల నా బతుకంతా గడిచింది. మొదట బస్తాలు మోసిన. తర్వాత హమాలీలకు మేస్త్రినైన. ఇప్పుడు నడుము లేవక కాంటా పక్క గదిల కుర్చీల కూసుంటున్న. ఏ లారీ ఏ ఊరికి ఎప్పుడు పోవాల్నో చెప్పుడు నిరుటి దాక నా పని. చదువు నాకు నలభై దాటినంక వచ్చింది. యూనియన్ గదిల ఒక పంతులమ్మ మొదలువెట్టిచ్చింది, మిగిలింది లారీల వెనక రాతలు చూసి కూడబలుక్కున్న.

నిరుడు సేటు కోడలు మిల్లుకు ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చింది. ఆర్డరు తీసుకునుడు, లారీ కట్టుడు, డ్రైవర్‌కు కబురు పంపుడు అన్నీ అదే చేస్తది. ఆ పిల్ల మంచిది, నన్ను తాతా అని పిలుస్తది. కోపం ఆమె మీద గాదు. ఆ సాఫ్ట్‌వేర్‌కు ఒక పద్ధతి ఉన్నది. చెప్పిన గంటకు సరుకు దిగకుంటే డ్రైవర్ పేరు పక్కన లేటు పడ్తది. మూడు లేట్లు పడితే పేరు ఎర్రగైతది. ఎర్రపేరుకు లోడు రాదు. ఎందుకు లేటైందో చెప్పినా అది వినదు.

కోదాడ దగ్గరి అనంతగిరి నుంచి ఒక డ్రైవర్ వస్తడు. లారీ ఆయనదే, ఉన్నదొక్కటే లారీ, నడిపేది ఆయనే. పన్నెండేండ్ల సంది కోదాడ తొవ్వ మీద మా బియ్యం మోస్తున్నడు. ఆయనకు అప్పటికే ఒక లేటు ఉండె. అదెట్ల పడ్డదంటే, కోతల కాలంల మా మిల్లు గేటు ముందట వడ్ల ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలవడ్డయి, లారీ బయటికి వచ్చేటాల్లకే పొద్దెక్కింది. మా గేటు కాడ మేం ఆపి, ఆయనకు లేటు రాసినం.

ఒకనాడు మధ్యాహ్నం ఆయన ఫోన్ చేసిండు.

“మామా, ట్రిప్పు పడ్డది. రేపు పొద్దున తొమ్మిదికి కోదాడ, పన్నెండుకు సూర్యాపేట.”

“రేపు అమావాస్య గదా.”

“నాకు తెల్వదా? నీ కంప్యూటర్‌కు చెప్పు.”

“రానని నొక్కు.”

“నొక్కితే గది సుత లేటు కిందికే వస్తదంట. నొక్కి సూస్తవా నువ్వు?”

మా దిక్కు అమావాస్యనాడు హమాలీలు బస్తా ముట్టరు. మార్కెట్ల కాంటా నడవదు. మా సేటు సుత ఆనాడు కాంటాకు పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టించి, ఒక్క బస్తాను గేటు దాటనియ్యడు. ఇది పుట్టి బుద్ధెరిగిన ప్రతోనికి తెలుసు. సాఫ్ట్‌వేర్ వచ్చినంక అమావాస్యనాడు దించే ట్రిప్పు ఇన్నాళ్లు పడలేదు, ఈసారే పడ్డది.

నేను కోడలు గదికి పోయి చెప్పిన. ఆమె కంప్యూటర్ల చూసింది.

“సిస్టమ్‌లో పచ్చగానే ఉంది తాతా. మామయ్య పూజ రేపు కదా, లారీ ఈ రోజే బయల్దేరుతుంది. మనకేం అడ్డం?”

“మనకు అడ్డం లేదమ్మా. దించుకునేటోళ్లకు ఉన్నది.”

“సెలవుల లిస్టులో లేదు. ఇప్పుడు నేను మారిస్తే ఆర్డరంతా క్యాన్సిల్ అయిపోతుంది.”

లారీ పోయింది.

తెల్లారి కోదాడల దుకాణం సగం షట్టర్ తీసి ఉన్నదంట, హమాలీ ఒక్కడు లేడు. డ్రైవర్ పొద్దుమూకే దాక లారీ కాడ కూసున్నడు. సూర్యాపేట సరుకు ఒక హాస్టల్‌ది. వాళ్ల వంటోళ్లే దించుకుంటరు, వాళ్లకు అమావాస్య పట్టింపు లేదు. పన్నెండుకు తలుపు తీసి పెట్టుకొని చూసిండ్రు. గాని లారీల ముందు దిగే ఊరి బస్తాలు వెనక తలుపు దిక్కు ఉంటయి, తర్వాత దిగేటివి లోపలుంటయి. కోదాడ బస్తాలు దిగందే సూర్యాపేట బస్తా బయటికి రాదు. ఒక్క అమావాస్యకు రెండు లేట్లు పడ్డయి. మర్నాడు రెండు ఊర్లల్ల సరుకు దించి మిల్లుకు వచ్చేటాల్లకు ఆయన పేరు ఎర్రగైంది.

నాకు ఒళ్లు మండింది. లేటుకు కారణం రాయాల్నంటే ఆ సాఫ్ట్‌వేర్ల రాసుకునే జాగ లేదు. నాలుగు మాటలే పెట్టిండ్రు: బండి చెడిపోయింది, డ్రైవర్ ఆలస్యం, ట్రాఫిక్, పార్టీ లేడు, అంటే సరుకు దించుకునేటోడు లేడని. వీటిల్ల ఏదో ఒకటి నొక్కాలె. నలభై ఏండ్లు దాటినంక కష్టపడి అక్షరాలు నేర్చుకున్నది, ఎవడో రాసిన నాలుగు అబద్ధాలల్ల ఒకటి ఏరుకునేటందుకా?

“పార్టీ లేడని పెడదాం తాతా,” అన్నది కోడలు. “కోదాడ ఆయన ఒప్పుకుంటే డ్రైవర్ మీది నుంచి పోతుంది.”

బస్సెక్కి కోదాడ పోయిన. దుకాణపాయన నన్ను కూసోబెట్టి సంగతి విన్నడు.

“ఏం మేస్త్రీ, నేను కొట్లోనే ఉన్నాను కదా. ఊదొత్తి వెలిగించుకుని కూర్చున్నా. లేనని ఎట్లా చెప్పమంటావు? రేపు నా పేరు ఎర్రగా చేస్తే నీ కొడుకొచ్చి బియ్యం తెచ్చిస్తాడా?”

“డ్రైవర్ తప్పేమున్నది మరి?”

“ఆయన తప్పని నేనన్నానా? పాపం మధ్యాహ్నం నేనే అన్నం పంపించా. అమావాస్యకి లారీ పంపిన వాణ్ణి అడుగు. ఇంతకీ ఆ కంప్యూటర్ వాళ్లకి ఈ సంగతి మీలో ఎవరూ చెప్పలేదా?”

వచ్చేటప్పుడు బస్సుల ఆ మాటే చెవుల తిరిగింది. సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి రెండు రోజులు నా ముందట కూసున్నడు. ఏ దుకాణం ఎన్నింటికి తీస్తరు, సూర్యాపేట బజార్లకు లారీని ఎన్నింటి దాక పోనిస్తరు, అన్నీ అడిగిండు. సెలవులు ఏమేం ఉంటయన్నడు. ఆదివారం అన్న, పెద్ద పండుగలన్న. అమావాస్య నా నోట రాలేదు. మాకు అమావాస్య సెలవు గాదు, అమావాస్య అమావాస్యే. అన్నం ఎప్పుడు తింటరని అడిగినోనికి నీళ్లు సుత తాగుతమని చెప్తమా? అయినా చెప్పాల్సింది నేనే. ఇన్నొద్దులు కంప్యూటర్‌ను తిట్టిన నాకు, ఆ బస్సుల నన్ను నేను తిట్టుకునుడు అయ్యింది.

మిల్లుకు వచ్చి తెల్లకాయితం తీసుకొని రాసిన. ‘అమావాస్యనాడు కోదాడల దించరని నాకు తెలుసు. అడిగినాయనకు చెప్పలేదు. డ్రైవర్ టైముకే పోయిండు. తప్పు నాది.’ కింద సంతకం పెట్టిన.

కోడలు రెండుసార్లు చదివి సేటుకు ఇచ్చింది. సేటు అద్దాలు తీసి నా దిక్కు చూసిండు.

“ఎందుకు మేస్త్రీ నెత్తినేసుకుంటవ్? ఆ లారీ గాకుంటే ఇంకోటి. లారీలకేం తక్కువ?”

“అమావాస్యకు నువ్వు గేటు మూసుకొని చల్లగ పూజ చేసుకున్నవ్ సేటూ. ఆయన నీ బియ్యానికి పొద్దంత ఎండల కావలున్నడు. నీదేమో భక్తి, ఆయనదేమో లేటా?”

సేటు అద్దాలు మళ్ల పెట్టుకున్నడు. కాయితం కోడలు చేతికే ఇచ్చి, “పంపు,” అన్నడు.

ఆమె దాని ఫోటో తీసి హైదరాబాద్‌కు పంపింది, ఫోన్ల గంటసేపు కొట్లాడింది. పూజ గదిల పంచాంగం తెచ్చి ఈ ఏడాది అమావాస్యలన్నీ సెలవుల లిస్టుల ఎక్కించింది. కోదాడ లేటు తీసేసిండ్రు. సూర్యాపేటది తియ్యలేదు. పార్టీ ఉన్నడు, తలుపు తీసి ఉన్నది, సరుకు రాలేదు, కాబట్టి లేటేనంట. ఎరుపు పోయి పసుపైంది. నాలుగు రోజులు ఇంట్ల కూసున్న డ్రైవర్‌కు ఐదోనాడు లోడు పడ్డది.

లోడు ఎక్కినంక తాడు బిగించుకుంట ఆయన నన్నడిగిండు.

“నువ్వే చెప్పలేదంట గదా మామా?”

“అవును.”

“నేను నాలుగొద్దులు ఆ హైదరాబాదోన్ని తిట్టిన.”

“ఆయనకు సగం తియ్యి. సగం నాకు పెట్టు.”

ఆయన నవ్వలేదు. తాడు ఇంకొక ముడి వేసి లారీ ఎక్కిండు. నవ్వాల్సిన పని లేదు గూడ. ఆయనకు ఇంకా రెండు లేట్లు ఉన్నయి, ఇంకొక్కటి పడితే మళ్ల ఇంటికే.

ఇగ సూర్యాపేట లేటు తీయించే పని మీద కూసున్న. లోపలి బస్తా ముందుగాల బయటికి రాదని ఆ హైదరాబాదోళ్లకు మాటలల్ల చెప్తే ఎక్కలేదు. అందుకని ఈసారి లారీ బొమ్మ గీసిన. వెనక తలుపు కాడ కోదాడ అని, లోపల సూర్యాపేట అని రాసిన. కోడలు దాన్ని పంపి మూడు రోజులైంది. జవాబు లేదు. రేపు పొద్దున ఆమె కుర్చీల కూసోకముందే పోయి మళ్ల అడుగుత.