రొట్టెల లారీ తలుపు

నా చిన్నప్పుడు మా తాతయ్య ఎవరికీ అక్కర్లేని ఒక రొట్టెల లారీ కొని, ఫిలింనగర్‌లోని మా ఇంటి ముందు పెట్టించాడు.

నాకప్పుడు పదేళ్లు. మాదాపూర్ వైపు అద్దాల భవనాలు లేస్తున్న రోజులు. జూబ్లీ హిల్స్‌లో ఒక పాత బంగళాను కంప్యూటర్ కంపెనీ ఆఫీసు కోసం పడగొడుతుంటే, వెనక షెడ్డులో ఈ లారీ బయటపడింది. బంగళావాళ్లకు ఒకప్పుడు బేకరీ ఉండేదట. ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, చెక్కతో కట్టిన వెనక పెట్టె, ఒళ్లంతా తుప్పు. పాత ఇనుం కొనేవాళ్లు వచ్చేలోపే తాతయ్య వెళ్లి కొని తెచ్చుకున్నాడు. ముప్పై ఏళ్లు సినిమా కంపెనీల వ్యాన్లు నడిపి అప్పుడే మానేసిన మనిషి. ఊరికే కూర్చోవడం ఆయనకు చేతకాలేదు.

"ఈ వయసులో ఇదేంటి నాన్నా?" అంది అమ్మ.

"దాని వయసూ నా వయసూ దాదాపు ఒకటేనే. ఒకళ్లకొకళ్లం తోడు," అన్నాడు.

ఎండాకాలం సెలవులన్నీ ఆ లారీ దగ్గరే గడిచాయి. నాకు గరుకు కాగితం ఇచ్చి, చక్రాల మీది రేకులు రుద్దమనేవాడు. తుప్పు రాలి కింద ఇనుము మెరుస్తుంటే నాకు ఎక్కడలేని గొప్పగా ఉండేది. ఒక ఉదయం ఆయన ఏదో సామాను కోసం బయటికి వెళ్లాడు. నా రేకు పని అయిపోయింది. ఆయన వచ్చేసరికి ఆశ్చర్యపరుద్దామని డ్రైవరు తలుపు మొదలుపెట్టాను. దాని మీద మురికి పట్టి వెలిసిపోయిన పసుపు అక్షరాలు, పక్కన పొగలు కక్కుతున్న రొట్టె బొమ్మ ఉండేవి. గంటలో తలుపు నున్నగా తేలింది.

తాతయ్య వచ్చి తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆయన ముఖం చూశాకే నేనేం చేశానో నాకు అర్థమైంది. ఆ అక్షరాల కోసమే ఆయన ఆ లారీ మీద మనసు పడ్డాడని తర్వాత అమ్మ చెప్పింది. "ఇదెలా పోయిందమ్మా?" అని మెల్లగా అడిగాడు. "నీళ్లతో కడిగితే పోయింది," అన్నాను. నా గోళ్ల నిండా పసుపు పొడి ఉంది. ఆయన దాన్ని చూసి, లోపలికి వెళ్లిపోయాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే నన్ను ఆటోలో మోతీనగర్ తీసుకెళ్లాడు. ఆ తలుపు మీద రాసిన పెయింటరుగారు అక్కడ ఉండేవారు. సినిమా బోర్డులు రాస్తారు కాబట్టి తాతయ్యకు ఆయనా, ఆయన చేతి రాతా ఎప్పటినుంచో తెలుసు. మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి, సంగతి విని, "గట్ల మొత్తమెట్ల పోయింది?" అని అడిగారు.

తాతయ్య చెప్పేస్తాడనుకున్నాను. ఆయన నావైపు చూడనైనా చూడకుండా, "నా తప్పేనండీ. పిల్లకి పని ఎలా చెయ్యాలో చెప్పాను గానీ, ఎక్కడ ఆపాలో చెప్పకుండా వెళ్లాను," అన్నాడు.

నన్ను కాపాడాలని కల్పించిన మాట కాదది. ఆయన నిజంగానే అలా అనుకున్నాడు. తన వంతు తప్పు తను చెప్పుకుని ఊరుకున్నాడు. మిగిలింది నా వంతు. నాకు ఏడుపొచ్చింది. "నేనే గీకేశాను. నిన్న అబద్ధం చెప్పాను," అన్నాను. తాతయ్య చెయ్యి నా వీపు మీదికి వచ్చింది.

పెయింటరుగారు కాసేపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "ఏడ్వకు బిడ్డా. అది రాసిన సంగతే నాకు యాది లేకుండె. ఇప్పుడన్ని బోర్డులు మిషన్ల మీదనే వస్తున్నయి, నన్నెవరు పిలుస్తలేరు. జర టైం ఇయ్యిండ్రి, వస్త," అన్నారు.

వారం తర్వాత బ్రష్షులు పట్టుకుని వచ్చారు. మొదటి అక్షరాన్ని రెండుసార్లు తుడిచి మళ్లీ రాశారు. రెండో అక్షరానికల్లా చెయ్యి కుదురుకుంది. సాయంత్రానికి తలుపు మీద కొత్త అక్షరాలు మెరిశాయి. పాతవాటిలా ఉన్నాయా అని తాతయ్యను అడిగాను. "లేవమ్మా. పాతవి పోయాయి. ఇవి వేరే. ఇవీ బాగున్నాయి," అన్నాడు. పోయినదాన్ని పోలేదని చెప్పి నన్ను ఓదార్చలేదు.

ఇప్పుడు నా ఆఫీసులో నా కింద పదిమంది కుర్రవాళ్లు పనిచేస్తున్నారు. ఏదైనా పని పాడైనప్పుడు "ఎవరు చేశారు?" అన్న ప్రశ్న నా నోటిదాకా వస్తుంది. దాన్ని ఆపుకుని, నేను వాళ్లకు చెప్పకుండా వదిలేసిందేమిటో వెతికి, ముందు అది చెప్తాను. వెతికితే ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది. తర్వాత కాసేపు మాట్లాడకుండా కూర్చుంటాను. చాలాసార్లు ఎవరో ఒకరు తలెత్తి, "నేనే మేడమ్," అంటారు.