కెమెరాల గురించి అడగడానికి డ్రెస్డెన్ వెళ్ళాను

శుక్రవారం ఉదయం ఆరింటికి, జర్మనీలో మేముండే ఎర్లాంగెన్ స్టేషన్‌లో బండెక్కాను. డ్రెస్డెన్‌లో కొందరు పరిశోధకులు బడుల్లో జరిగే కాల్పుల మీద తాము చేసిన పనిని ఆ మధ్యాహ్నం అందరికీ వివరిస్తారని మా ఊరి లైబ్రరీ గోడ మీద చూశాను. ప్రవేశం ఉచితం, పేరు నమోదు చేసుకుంటే చాలు.

నేను కరీంనగర్‌లో ఇంటర్‌తో చదువు ఆపినదాన్ని. జర్మన్ నేర్చుకున్నది ఈ లైబ్రరీలోని పిల్లల పుస్తకాలతో. అక్కణ్ణించి ఒక్కో అలమరా దాటుకుంటూ నేరాల మీద రాసిన పుస్తకాల దాకా వచ్చాను. బడుల్లో కాల్పుల గురించి అక్కడ ఆరు పుస్తకాలున్నాయి. ఆరూ చదివాను.

వాటి జోలికి వెళ్ళడానికి కారణం మా అమ్మాయి నిత్య. ఏడో తరగతి. మూడు వారాల కిందట దాని క్లాసులో ఒక పిల్ల, వాళ్ళ తాత వేట తుపాకులు పెట్టుకునే బీరువా ఫొటో తీసి క్లాసు చాట్‌లో పెట్టింది. కింద "ఒకరోజు నేనెవరో మీ అందరికీ తెలుస్తుంది" అని రాసింది. కాసేపటికి తీసేసింది. నిత్య ఇంటికి రాగానే నాకు చెప్పింది. "మనకెందుకే? నోర్మూసుకొని చదువుకో" అన్నాను. ఇక్కడ శాశ్వతంగా ఉండడానికి మేం పెట్టుకున్న అర్జీకి వచ్చే నెలలో టెర్మిన్, అంటే ఆఫీసుకు రమ్మనే తేదీ, దొరికింది. అది అయ్యేదాకా ఏ పోలీసు కాగితంలోనూ మా పేరు రాకూడదని నా భయం.

అన్నాను గానీ, ఆ తర్వాత రోజూ నిత్య ఇంటికి వచ్చేదాకా కిటికీ దగ్గరే ఉండేదాన్ని. ఈలోగా బడి నుంచి ఉత్తరం వచ్చింది. సోమవారం తల్లిదండ్రుల సమావేశం, విషయం భద్రత. కెమెరాలు, గట్టి తలుపులు కావాలని అక్కడ అడిగితే పిల్లలకు రక్షణ దొరుకుతుంది, ఫొటో సంగతి మా నోటి నుంచి రాదు అనుకున్నాను. ఏవి అడగాలో తేల్చుకోవడానికే ఈ ప్రయాణం.

నెలవారీ టికెట్టు ఉన్నవాళ్ళకు అదనపు ఖర్చు లేదు, కాకపోతే నెమ్మది బళ్ళే ఎక్కాలి. న్యూరెంబర్గ్‌లో ఒకసారి, హోఫ్‌లో ఒకసారి మారాను. హోఫ్‌లో కాఫీ పలుచగా ఉంది, వేడిగా ఉంది. కెమ్నిట్స్ దాటాక పులిహోర డబ్బా తెరిచాను. ఎదుటి సీటు అమ్మాయి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేసింది.

"ఆంటీ, పులిహోరే కదా?"

పేరు ఫర్హీన్, మెహదీపట్నం పిల్ల. డ్రెస్డెన్‌లో కంప్యూటర్ చిప్పుల తయారీ చదువుతోంది. సగం డబ్బా ఇచ్చి, ఎక్కడికి వెళ్తున్నానో చెప్పాను.

"గన్స్ మీద మీటింగా? మీరు పోలీసా ఆంటీ?"

"కాదు బిడ్డా. లైబ్రరీల చదివిన."

"ఊరికెనే? ఎగ్జామ్ లేకుండా? యా అల్లా!"

రాత్రికి హాస్టల్ బుక్ చేశానంటే ఒప్పుకోలేదు. "క్యాన్సిల్ కొట్టండి. మా వేగేలో, అదే అందరం కలిసి అద్దెకుండే ఫ్లాట్‌లో, ఒక పిల్ల ఊరెళ్ళింది, రూమ్ ఖాళీ." అలా బస కుదిరింది.

సమావేశం ఒంటిగంటకు మొదలైంది. హాల్లో టీచర్లు, పోలీసులు, నాలాంటి తల్లులు కొందరు. నా పక్కన ఒక బడి భవనాన్ని చూసుకునే పెద్దాయన కూర్చున్నాడు. "మాకు కొత్త తలుపులు పెట్టారు. తాళాలు నా దగ్గరే. నాకు రెండు రోజులు జ్వరం వస్తే పిల్లలు హాయిగా సెలవు చేసుకున్నారు" అని నవ్వాడు.

మాట్లాడిన పరిశోధకురాలికి అరవై ఏళ్ళుంటాయి. గొంతు పెంచదు. ప్రశ్నల వేళ నేను లేచి, పుస్తకాల్లో చదివినవి ఒకటి రెండు చెప్పి, కెమెరాలు మేలా, బయటినుంచి తెరుచుకోని తలుపులు మేలా అని అడిగాను.

"తలుపుల వల్ల ఉపయోగం ఉంది. కానీ మేం చూసిన ఘటనల్లో చాలావరకు, కాల్పులు జరిపిన పిల్లలు ముందే ఎవరికో ఒకరికి చెప్పారు, ఎక్కువగా తోటి పిల్లలకు. ఆ తోటి పిల్ల ఏ పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళింది, వాళ్ళు ఏమన్నారు? నేను ముందు అది అడుగుతాను. ఏమన్నారో మా ఫైళ్ళలో తరచుగా ఉండదు. ఆ పెద్దవాళ్ళు మాకు చెప్పరు."

ఈ సంగతి ఆరు పుస్తకాల్లోనూ ఉంది. నేను దాని కింద పెన్సిల్‌తో గీత కూడా గీశాను, తర్వాత లైబ్రరీవాళ్ళు చూస్తారని చెరిపేశాను. అది మా వంటింట్లో జరిగిన సంగతి అని మాత్రం హాల్లో కూర్చున్నాకే తట్టింది.

సాయంత్రం ఫర్హీన్ కిచిడీ వండింది. తింటూ అంతా చెప్పాను.

"మా అమ్మీ కూడా మనకెందుకే అనే అంటది ఆంటీ" అంది. "అందుకే అమ్మీకి నేను సగమే చెప్త."

శనివారం ఉదయం తొమ్మిది దాటాక తిరుగు ప్రయాణం. హోఫ్‌లో బండి మారాక నిత్యకు ఫోన్ చేశాను.

"ఆ ఫొటో సంగతి బడిల చెప్దాం నిత్యా. నేను కూడ వస్త."

"అది ఎప్పుడో చెప్పిన మమ్మీ."

"ఎవరికి?"

"స్కూల్ కౌన్సిలర్‌కి. నీకు చెప్పిన తెల్లారే. వాళ్ళ తాత గన్స్ అన్నీ ఇంట్ల నుంచి తీపిచ్చిండ్రు. ఆ పిల్లతోని కౌన్సిలర్ రోజూ మాట్లాడుతుంది. అలెస్ గుట్, అంతా మంచిగనే ఉంది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు నోర్మూసుకోమన్నవ్ కదా. నీ దగ్గర మూసుకున్న."

పెగ్నిట్స్ లోయలో సొరంగాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మొదటిదానిలోనే ఫోన్ తెగిపోయింది.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళకు చెప్పదగ్గది ఇంతే. బళ్ళు వేళకే నడిచాయి, హోఫ్‌లో మారడానికి సమయం సరిపోతుంది, డ్రెస్డెన్‌లో నేను ఊరేమీ చూడలేదు. వెళ్ళేటప్పుడు బడి ప్రమాదంలో ఉందనుకున్నాను. బడి తన పని చేసింది. మా అమ్మాయి కూడా చేసింది. భయం పోయింది, దాని చోట ఇంకొకటి వచ్చింది. ఇకమీదట నిత్య నాకు ఎంత చెబుతుందో నాకు తెలియదు.

సమావేశంలో అడగాలనుకున్న ప్రశ్నలను ముందే పంపమని బడి ఉత్తరంలో ఉంది, పేరుతో సహా. న్యూరెంబర్గ్ ప్లాట్‌ఫారం మీద కూర్చుని, కెమెరాల గురించి రాసుకున్నవి కొట్టేశాను. ఒక్కటే రాశాను: "పిల్ల వచ్చి ఇలాంటిది చెప్పినప్పుడు నేను నోరు మూసుకోమన్నాను. ఏమని చెప్పి ఉండాల్సింది?"

కింద నా పూర్తి పేరు, నిత్య తరగతి రాసి పంపించి, ఎర్లాంగెన్ బండెక్కాను.