చెవి వెనక బిళ్ళ

జ్వరం తగ్గి కళ్ళు తెరిచినప్పుడు, కరెంటు పోయిందేమో అనుకున్నాను. కోలారు ఆసుపత్రిలో పడుకొని ఉన్నాను. పైన ఫ్యాను తిరుగుతోంది, దాని చప్పుడు మాత్రం లేదు. కరెంటు పోతే ఫ్యాను ఎలా తిరుగుతుందన్న ఆలోచన రావడానికి కాసేపు పట్టింది. మంచం పక్కన మా ఆయన నిలబడి పెదవులు కదిలిస్తున్నాడు. "గట్టిగా చెప్పు" అన్నాను. నా మాట నాకే వినపడలేదు.

మెదడు పొరలకు పట్టిన జ్వరం అది. ప్రాణం దక్కింది, చెవులు రెండూ పోయాయి. అప్పటికి నాకు నలభై నిండలేదు.

మాది రాబర్ట్‌సన్‌పేట బజారులో బట్టల కొట్టు. కోలారు బంగారు గనులు నడిచిన కాలంలో జీతాలిచ్చిన సాయంత్రం కొట్లో నిలబడడానికి చోటుండేది కాదట. నేను కోడలిగా వచ్చేసరికి గనులు మూతబడ్డాయి. ఊరు ఊరంతా పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పనులకు పోయి చీకటి పడ్డాక తిరిగొచ్చేది. బేరాలు తగ్గాయి కానీ ఆగలేదు. చీరల వైపు కూర్చోవడం నా పని. వచ్చేవాళ్ళలో సగం మంది తమిళం, మిగతావాళ్ళు కన్నడం, తెలుగు. మూడు భాషల్లోనూ బేరమాడి, మూడింట్లోనూ నవ్వించి పంపేదాన్ని. మాటే నా పెట్టుబడి అని మా ఆయన అనేవాడు.

చెవులు పోయాక కూడా కొట్లోనే కూర్చున్నాను. ఇంట్లో ముడుచుకొని ఉండడం నా వల్ల కాలేదు. పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్చుకోబోయాను. అది అందరూ అనుకున్నంత సులువు కాదు. పాప, బాబా, మామ పెదవుల మీద ఒకేలా ఉంటాయి. ఒకామె పట్టు అడిగితే నేను మామూలు బట్ట తీసి పరిచాను. ఆమె మొహం చిన్నబుచ్చుకొని వెళ్ళిపోయింది. తమిళంలో మాట్లాడేవాళ్ళు నోరు తెరిచేలోపే నేను బెదిరిపోయి మా ఆయన వైపు చూడడం మొదలుపెట్టాను. ఆ చూపు నాకే నచ్చేది కాదు.

బెంగళూరులో చూపించాం. చెవి డాక్టరు కంప్యూటరు మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించాడు. చెవి లోపల నత్తగుల్లలాంటి ఎముక ఉంటుందట. అందులోకి సన్నటి తీగ ఎక్కించి, చెవి వెనక చర్మం కింద చిన్న మిషన్ పెడతారట. బయట చెవికి తగిలించుకునేది ఇంకొకటి. ఆ రెండూ అయస్కాంతంతో అతుక్కుంటాయి. బయటి చప్పుడు కరెంటుగా మారి నేరుగా నరానికి అందుతుంది. ఈ జ్వరం తర్వాత నత్తగుల్ల లోపల ఎముక పెరిగి దారి మూసుకుపోతుందనీ, ఆలస్యం చేస్తే తీగ ఎక్కదనీ కూడా రాశాడు.

మా ఆయన ఆ రోజే సరే అన్నాడు. ఒప్పుకోనిది మా అత్త.

మా అత్త పుట్టిల్లు కామసముద్రం. రాగి చేలల్లో పెరిగిన మనిషి. దూరంగా ఉన్నవాళ్ళను కేకేసి పిలిచే అలవాటు వల్ల నోరు నిండుగా తెరిచి మాట్లాడుతుంది. ఇంట్లో అందరికన్నా ఆమె మాటే నాకు పెదవుల మీద బాగా తెలిసేది.

"తలకాయలో ఇనుము పెట్టుకుంటావా? దేవుడిచ్చిన ఒళ్ళు ఇది. దాన్ని కోసి తీగలు పెట్టుకుంటే నువ్వు మనిషివా, రేడియోవా?"

నాకు కోపం రాలేదు. అంతకు రెండేళ్ళ ముందే ఆమె రెండు కళ్ళకూ శుక్లాలు తీయించాం. అది గుర్తొచ్చింది.

"అత్తా, నీ కంట్లో ఉండేది ఏంది?"

"ఏముండాది? కన్ను ఉండాది."

"కన్ను కాదు. నీ కంటిబిళ్ళ తీసి పారేసి, ఫ్యాక్టరీలో చేసిన బిళ్ళ పెట్టినారు. ఆ బిళ్ళతోనే కదా సూదిలో దారం ఎక్కిస్తా ఉండావు. నువ్వు మనిషివా, కెమెరావా?"

ఆమె చేయి మెల్లగా కంటి దగ్గరకు పోయింది. ఆపరేషనప్పుడు కట్టు విప్పి ఇంటికి తీసుకొచ్చాం కానీ, లోపల ఏం పెట్టారో ఆమెకెవరూ విడమరిచి చెప్పలేదని అప్పుడు తెలిసింది. మర్నాడు నేను కాఫీ ఇస్తుంటే నా మణికట్టు పట్టుకొని ఆపింది. మొహంలోకి చూస్తూ, ఒక్కో మాటా వేరుచేసి చెప్పింది.

"పో. పెట్టించుకో. నేనూ వస్తా."

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. తల తిరిగింది, చెవి వెనక కుట్లు దురద పెట్టాయి, నాలుకకు కొన్నాళ్ళు ఇత్తడి రుచి తగిలింది. అసలు సంగతంతా కుట్లు మానాక, మిషన్‌కు ప్రాణం పోసిన రోజు జరిగింది.

ఒక కన్నడ అమ్మాయి నా చెవి వెనక అయస్కాంతం బిళ్ళ అతికించి, కంప్యూటరు ముందు కూర్చుంది. మొదట కీచుమన్న చప్పుళ్ళు వచ్చాయి. ఏది సన్నగా ఉంది, ఏది మరీ ఎక్కువగా ఉందని వేలితో చూపించాను. తర్వాత ఆమె మిషన్ మొత్తం తెరిచి, "కేళిస్తిదెయా అమ్మా?" అంది. వినపడుతోందా అని అడిగిందని పెదవుల వల్ల తెలిసింది. చెవికి మాత్రం రేకు డబ్బాలో కప్పలు అరిచినట్టు వినిపించింది.

మా ఆయన ఆత్రంగా ముందుకు వంగాడు. "నా గొంతు ఎట్లుండాది?"

"డబ్బాలో గులకరాళ్ళేసి ఊపినట్టుండాది" అన్నాను.

ఆయన నవ్వాడు. ఆ నవ్వు కూడా గులకరాళ్ళే.

ఇందుకా తల కోయించుకున్నాను అనిపించింది. ఆ అమ్మాయి నా భుజం పట్టుకొని, పెదవులు నాకు తెలిసేలా నెమ్మదిగా కన్నడంలో చెప్పింది: చెవి పని చెవి చేస్తోంది, ఇక నేర్చుకోవలసింది మెదడు, అది నేర్చుకుంటుంది, మేలుకొని ఉన్నంతసేపూ దీన్ని తీయొద్దు. ఇంకో మాట కూడా చెప్పింది. నైలాన్ బట్టల రాపిడికి మిషన్ చిటపటమంటుంది, జాగ్రత్త అని. నేను ఆ బాధలోనూ నవ్వాను. మా బతుకే ఆ చీరలు.

తిరుగు రైల్లో తల పగిలిపోయింది. జనం, బ్యాగులు, కాఫీ అమ్మేవాళ్ళు, అన్నీ కలిసి ఒకే గోల. తీసేద్దామని చేయి పైకెత్తాను. మా అత్త ఆ చేయి పట్టుకొని కిందికి దించింది. బంగారుపేట దాటాక బోగీలో జనం పలచబడ్డారు. అప్పుడు ఆ గోలలోంచి ఒక దరువు విడివడింది. టకటక్, టకటక్. అది పట్టాల మీద చక్రాల చప్పుడు. గొంతులేవీ గుర్తుపట్టలేకపోయినా ఆ దరువును మాత్రం గుర్తుపట్టాను. ఊరు వచ్చేదాకా దాన్నే వింటూ కూర్చున్నాను. ఇది వచ్చిందంటే మిగతావీ వస్తాయి అనుకున్నాను.

ఇంటికి వచ్చాక నాకు పంతులమ్మ మా అత్తే. నోరు కనపడకుండా చెప్పాలి, నేను తిరిగి చెప్పాలి, అదీ సాధన. పొద్దున్నే నా వెనక పీట వేసుకొని కూర్చునేది. నేను తిరిగి చూస్తానేమోనని కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

"అలసందలు."

"ఏదో అంటా ఉండావు, తెలీలే."

"అలసందలు!"

"అరిచినా అంతే. ఇంగోటి చెప్పు."

"సొరకాయ."

"సొరకాయ."

మొదటిసారి సరిగ్గా చెప్పినప్పుడు ఆమె వీధిలోకి పోయి పక్కింటివాళ్ళకు చెప్పి వచ్చింది. కూరగాయలు అయిపోయాక చుట్టాల పేర్లు, తర్వాత పండగలు, తర్వాత నగలు. అవీ అయిపోయాక తిట్లు మొదలుపెట్టింది. తిట్లు నాకు తొందరగా పట్టుబడ్డాయి. వారాలు గడిచేకొద్దీ కప్పలు పోయాయి, గులకరాళ్ళు పోయాయి. ఒక్కొక్కరి గొంతూ పాత గొంతులా కాకపోయినా ఆ మనిషిదే అని తెలిసేలా తయారైంది. గొంతులు మారలేదు, నాలోపలే ఏదో కుదురుకుంటోంది. ఒంట్లో ఒక కొత్త అవయవం పెరుగుతుంటే దాన్ని గమనిస్తూ ఉండడం చాలామందికి దొరికే అనుభవం కాదు.

ఒక మధ్యాహ్నం నేను వంటింట్లో గిన్నెలు సర్దుతున్నాను. మా అత్త అవతల గదిలో చారన్నం తింటోంది. నాకు చెప్పాలని కాదు, తనలో తను గొణుక్కుంది: "ఈ పొద్దు సారులో ఉప్పు లేదు."

"ఉండాది అత్తా. నీ నాలికకే రుచి తెలీలే" అన్నాను, గిన్నె తుడుస్తూనే.

అవతల చప్పుడు ఆగిపోయింది. ఆమె ఎంగిలి చేత్తోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నాకూ అప్పుడే తెలిసింది. మధ్యలో గోడ ఉంది. నేను ఆమె మొహం చూడలేదు. ఎదురుచూడలేదు కూడా. చెవులున్నవాళ్ళంతా ఎలా వింటారో అలా, ప్రయత్నం లేకుండా విన్నాను. ఆమె ఎడమచేత్తో నా తల నిమిరి, బిళ్ళ జారిపోతే తనే మళ్ళీ అతికించింది.

"ఇంగ నీ చాటున ఏమీ అనే దానికి లేదు" అంది. కళ్ళు తుడుచుకుంటూనే అంది.

ఇప్పుడు ఫోన్లో సరుకు నేనే మాట్లాడతాను. తమిళంలో బేరమాడే ముసలమ్మలు మళ్ళీ నా వైపే వచ్చి కూర్చుంటారు. పాటలు మాత్రం సరిగా రావు. దరువు తెలుస్తుంది కానీ రాగం చిక్కదు. ఆ లోటు ఉంది, లేదనను. ఈ మిషన్ చేసే కంపెనీ రేపు మూతబడితే నా చెవి గతి ఏమిటన్న భయం కూడా అప్పుడప్పుడు వస్తుంది. అయితే బయటి భాగం పాతబడ్డప్పుడు కొత్తది ఇచ్చారు. దాంతో సందడిలో కూడా మాట విడిగా వినిపించింది. అమ్మ కడుపులోంచి తెచ్చుకున్న చెవి వయసుతో మందగించేదే కానీ పదునెక్కేది కాదు. నా చెవి ఏటికేడూ పదునెక్కుతోంది. మా ఆయన గొంతు పెంచితే బిళ్ళ తీసి పక్కన పెడతాను. "అది తగిలించుకో, ఇంగా చెప్పేది ఉండాది" అని సైగ చేస్తాడు. కోపం అక్కడితో సరి.

పోయిన ఏడాది వేమగల్ నుంచి ఒక జంట మా కొట్టుకు వచ్చారు. అతనిది అక్కడి ఫ్యాక్టరీలో పని. వాళ్ళ పాపకు పుట్టుకతోనే వినపడదు. డాక్టరు ఈ ఆపరేషనే చేయించమన్నాడట. నా సంగతి ఎవరో చెబితే చూడడానికి వచ్చారు. పాప కౌంటరు మీద కూర్చొని చీర అంచులోని జరీని గిల్లుతోంది. తల్లికి అడగాలని ఉంది, నోరు రావడం లేదు. నేనే జుట్టు పక్కకు తీసి బిళ్ళ చూపించాను. ఊడదీసి ఆమె చేతిలో పెట్టాను.

"నొప్పి ఉంటాదా అక్కా?"

"కుట్లు మానేవరకే. ఆమైన ఏమీ ఉండదు."

"రేపు బడిలో పిల్లోళ్ళు మిషన్ పిల్ల అంటారేమో."

అంతలో లోపలి నుంచి మా అత్త వచ్చింది. పాపను ఎత్తుకొని ఒళ్ళో పెట్టుకుంది.

"అననీలేమ్మా. అనింది ఈ బిడ్డకు ఇనబడాల గదా, తిరిగి అనే దానికి" అంది.

ఆ తల్లి ఒక్కసారిగా నవ్వింది. భర్త కూడా నవ్వాడు. వాళ్ళు పాపకు ఆపరేషన్ చేయించారు. మొన్న ఆ తల్లి ఫోన్ చేసి, పాప "అమ్మా" అందని చెప్పి, ఫోను పాప నోటి దగ్గర పెట్టింది. కాసేపు ఊపిరి చప్పుడు. తర్వాత ఒక చిన్న గొంతు నా చెవిలోకి వచ్చింది. "పాప" కాదు, "మామ" కాదు, "అమ్మా" అనే అంది. ఈసారి నేను పెదవులు చూడనక్కర్లేకపోయింది.