వంతెన దాటని నా కారు

దొంగ లేకుండా కారు దొంగతనం జరిపించిన మహాతల్లిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. పేరు సుగుణ. యానాంలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచర్ని. నాలుగేళ్ల క్రితం ఒక ఆదివారం, గోదావరి అవతల ఎదుర్లంకలో పదిమంది మగవాళ్లు బైకులేసుకుని నా తెల్లకారు కోసం ఊరంతా గాలించారు. ఆ కారు ఎక్కడుందో లోకంలో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి మంచం మీద కూర్చుని మజ్జిగ తాగుతోంది. అదీ నేనే.

ఒంటిదానివి, నీకు కారెందుకమ్మా అని మీరు అడగాలి. అడగడం న్యాయం. పెళ్లి చేసుకోలేదు, అమ్మ పోయి చాలాకాలమైంది, ఇంటి నుంచి బడికి నడిస్తే పది నిమిషాలు. కారు కొన్నది ప్రభావతి కోసం. ప్రభా నేనూ పద్దెనిమిదేళ్లు ఒకే స్టాఫ్‌రూములో ఒకే బల్ల మీద అన్నం తిన్నాం. నా కూర దానికి, దాని పచ్చడి నాకు. మోకాళ్లు అరిగిపోయాయని అది ఉద్యోగం మానేసింది. దాని భర్త సూర్యారావుగారు ఎదుర్లంకలో ఇల్లు కట్టారు. గోదావరి వంతెన దాటితే వాళ్ల ఊరే, ఏమంత దూరం కాదు. అయినా అది వెళ్లిపోయాక నాకు అన్నం సయించేది కాదు. డబ్బా మూత తీసి, అలవాటు కొద్దీ కూర సగం పక్కకి జరిపి, తర్వాత ఆ సగం కుక్కకి పెట్టేదాన్ని. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక దాన్ని చూసి రావచ్చు, ఎక్కించుకుని కాస్త తిప్పుకురావచ్చు అనుకుని, నలభై ఏడేళ్ల వయసులో డ్రైవింగు నేర్చుకుని ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను.

కొన్న నాలుగు రోజులకే, ఇంకా ఒక్క ఆదివారమూ రాకముందే మా వీధి వాట్సాప్ గ్రూపులో రూల్సు మొదలయ్యాయి. యానాం సంగతి తెలియనివాళ్లకి ఒక ముక్క చెప్పాలి. మాది పుదుచ్చేరి, చుట్టూ ఆంధ్ర. ఎటు వెళ్లినా నాలుగో గేరు వేసేలోపు మా రాష్ట్రం అయిపోతుంది. మా బండ్ల నంబర్లు పీవైతో మొదలవుతాయి. మొదటి మెసేజీ ఏమిటంటే, వంతెన అవతల కెమెరా పెట్టారు, పీవై బండి కనపడితే ఫోటో తీసి ఆంధ్ర లైఫ్ టాక్స్ మొత్తం వేస్తారు. వారం తిరక్కుండా రెండోది: టాక్స్ లేదు గానీ వంతెన దాటితే మన ఇన్సూరెన్స్ చెల్లదు. మూడోది: ఆ రెండూ రద్దయ్యాయి. నాలుగోది: మూడో మెసేజీ నమ్మకండి. అన్నిటికింద ‘తప్పక షేర్ చేయండి’ అని ఉండేది. నేను తప్పక షేర్ చేశాను.

మరి రోజూ అన్ని పీవై బండ్లు వంతెన దాటుతున్నాయి కదా, వాళ్ల సంగతేమిటి అంటారు మీరు. నాకూ ఆ అనుమానం వచ్చింది. వాళ్లంతా ఇంకా పట్టుబడనివాళ్లు అని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. లెక్కల టీచర్ని కదా, జవాబు రాకుండా వదలను.

బండ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్లి ఒక్క మాట అడిగితే పోయేది. అక్కడే వచ్చింది చిక్కు. కౌంటర్లో కూర్చునేది మా శ్రీను. తొమ్మిదో తరగతిలో డౌటు ఉండి కూడా అడగలేదని వాణ్ని బెంచీ ఎక్కించాను. అలాంటి వాడి ముందు నిలబడి నేను డౌటు అడగడమా? ప్రాణం పోయినా అడగననుకున్నాను.

అలా నా కారు యానాంలోనే ఉండిపోయింది. సాయంత్రాలు దరియాలతిప్ప దాకా వెళ్లి వచ్చేదాన్ని. విసుగొస్తే అగ్రహారం వైపు ఒక చుట్టు. పక్క సీట్లో సంచీ పెడితే మనిషనుకుని కారు కూతలు పెట్టేది. దాని నోరు మూయించడానికి సంచీకి బెల్టు పెట్టేదాన్ని. వెనక మూడు సీట్లకీ కొన్నప్పుడు వేసిన ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉండేవి. ఎవరూ ఎక్కందే చింపడమెందుకని వదిలేశాను. అద్దంలో అవి కనపడినప్పుడల్లా మనసు పాడయ్యేది. అబద్ధం ఎందుకు, ఒకటి రెండుసార్లు కారు పక్కకి ఆపి ఏడ్చాను కూడా.

ఆదివారాల ఏర్పాటు వేరే ఉంది. కారు వంతెనకి ఇవతల, యానాం వైపు ఆపేదాన్ని. ఒక చేత్తో క్యారియరు, ఒక చేత్తో గొడుగు పట్టుకుని వంతెన మొత్తం నడిచేదాన్ని. అది వంతెన కాదండీ, గోదావరి మీద పరిచిన ఎండ. అవతల ఆటో ఎక్కి ప్రభ ఇంటికి చేరేసరికి నా చీర పిండితే బిందె నిండేది.

“కారులో ఏసీ పనిచెయ్యట్లేదేంటే?” అనేది ప్రభ.

“భేషుగ్గా పనిచేస్తోంది.”

“మరి ఈ చెమటేంటే బాబూ?”

“నా ఒళ్లే అంత.”

“కారేదీ? ఓసారి చూపించవే.”

“మీ సందులో తిరగదే. మెయిన్ రోడ్డు మీద పెట్టాను.”

“అయితే నన్ను రోడ్డు దాకా నడిపించుకెళ్లు. ఎక్కుతాను.”

“ఈ మోకాళ్లతోనా? వద్దులే, ఇంకోసారి.”

ఇలా ఎనిమిది నెలలు. నిజం చెప్పేయవచ్చు కదా అంటే, రూలుకి భయపడి కారు దాచుకున్నానని తెలిస్తే అది పడీపడీ నవ్వుతుంది. ఉన్న ఒక్క స్నేహితురాలి ముందు పలచనైపోతాననిపించింది.

ఆ ఆదివారం ఏమైందంటే, నేను అన్నానికి కూర్చోబోతూ చేతులు కడుక్కుంటుండగా సూర్యారావుగారు పుణ్యానికి రోడ్డు మీదికి వెళ్లారు, పాపం నా కారుకి నీడ ఉందో లేదో చూద్దామని. వెళ్లినాయన పరిగెత్తుకుంటూ వచ్చారు.

“టీచర్‌గారూ! రోడ్డు మీద కారు లేదండీ!”

నోటికి ఏదో ఒకటి రావాలి కదా. “అయ్యయ్యో, లేదా?” అన్నాను.

అంతే. ఆయన వీధిలోకి వెళ్లి ఒక్క కేక పెట్టారు. చుట్టుపక్కల ఇళ్లలోంచి జనం వచ్చారు. ఒకాయన మురమళ్ల వైపు బండి తీశాడు. ఇద్దరు కుర్రాళ్లు చెరువు గట్ల మీద వెతుకుతామని పోయారు. ఒకావిడ, ఇందాకే తెల్లకారు ఒకటి రయ్యిమని పోయిందనీ, తోలేవాడికి గెడ్డముందనీ చూసినట్టే చెప్పింది. నా చేతికి ఎవరో మజ్జిగ గ్లాసు ఇచ్చారు.

“పదండి, పోలీసు స్టేషన్‌కి వెళ్దాం,” అన్నారు సూర్యారావుగారు.

పోలీసులు నంబరడుగుతారు. పీవై బండి ఆంధ్రలో ఉందని నేనే రాసి సంతకం పెట్టాలి.

“వద్దండీ అన్నయ్యగారూ!”

“వద్దేంటండీ, కారు పోతే!”

“పోతే పోయిందిలెండి. దాని రుణం తీరిపోయింది.”

అక్కడున్న వాళ్లంతా నోళ్లు తెరిచారు. ప్రభ ఒక్కతే నా మొహంలోకి తేరిపార చూసింది. అందరినీ బయటికి పంపి తలుపు దగ్గరికి వేసి, మోకాలు పట్టుకుని నెమ్మదిగా నా పక్కన కూర్చుంది.

“ఒసే సుగుణా, నిజం చెప్పు. నీకసలు కారుందా?”

నేను మజ్జిగ గ్లాసు అంచు కొంగుతో తుడిచాను.

“లేకపోతే లేదను. నేనేం అనుకోను. ఒక్కదానివే ఉంటావు, నలుగురిలో ఏదో చెప్పుకోవాలనిపిస్తది. ఎనిమిది నెలల్నుంచి కారు కారంటావు, ఒక్కనాడు కళ్లకి చూపించలేదు. నాకెందుకే ఈ అబద్ధాలు? నువ్వు నడిచొచ్చినా నాకు నువ్వే కదా.”

అని నా చెయ్యి నిమిరింది. తిట్టుంటే తట్టుకునేదాన్ని. అది జాలిపడింది. నాకు దుఃఖం ఆగలేదు. మజ్జిగ గ్లాసు పట్టుకునే బావురుమన్నాను. ఉందే, నా కారుందే, వంతెన అవతలుందే అని ఏడుస్తూ కెమెరా సంగతీ, టాక్సు సంగతీ, ఇన్సూరెన్సు సంగతీ అంతా కక్కేశాను.

అది నవ్వలేదు. “వెతికేవాళ్లని వెనక్కి రమ్మనండీ, ఆటో పిలవండీ,” అని కేకేసింది మొగుణ్ని.

నేను తెచ్చిన క్యారియరు ఇంకా మూత తియ్యలేదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని, నా భుజం పట్టుకుని ఆటో ఎక్కింది. వంతెన దాటాం. ఇవతల నా కారు కాకిరెట్టలతో నిలబడి ఉంది. ప్రభ దిగి, బానెట్ మీద అరచెయ్యి వేసి చూసింది.

“ఉందే!” అంది. ఆ తర్వాత, “ఈ రూలు ఎవరు చెప్పారే నీకు?”

“గ్రూపులో వచ్చింది.”

“మన శ్రీను బండ్ల ఆఫీసులోనే కదే ఉన్నాడు!” అంటూ నేను వద్దంటున్నా వినకుండా ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది. “ఏరా శ్రీనూ, ప్రభా టీచర్ని. సుగుణ టీచర్‌కి ఏదో డౌటంట.”

అటునుంచి కుర్చీ జరిపి లేచిన చప్పుడైంది. “సుగుణ టీచర్‌కాండీ?” అన్నాడు.

చెప్పాను. అంతా విన్నాడు. పాపం నవ్వలేదు, దగ్గాడు.

“వెళ్లి వచ్చే బండికి ఏ టాక్సూ లేదండి టీచర్. అక్కడే కాపురం పెట్టేసి నెలలకి నెలలు ఉంచేస్తేనే గొడవ. ఇన్సూరెన్సు దేశమంతా చెల్లుద్దండి. నేను రోజూ పీవై బండి మీదే వంతెన దాటి వెళ్లొస్తానండి. మా పొలం ఎదుర్లంకలోనే కదండి.”

ఎనిమిది నెలల ఎండ ఒక్కసారిగా నెత్తికెక్కింది. అయినా సంతోషం పట్టలేక తలుపు తీశాను. “ఎక్కవే ప్రభా! ఎక్కడికి పోదాం చెప్పు!”

“ఉండండి టీచర్,” అన్నాడు ఫోన్లో శ్రీను. “నంబరు చెప్పండి, యాప్‌లో ఓసారి చూస్తాను.” చూశాడు. “టీచర్... మీ ఇన్సూరెన్సు అయిపోయి రెండు నెలలైందండి. బండి కదపకండి.”

కంపెనీ నుంచి మెసేజీలు వచ్చిన మాట నిజమే. మోసగాళ్లు అలాంటివి పంపుతారని గ్రూపులో హెచ్చరించారు కదా. అన్నీ డిలీట్ చేశాను. లేని రూలుకి భయపడి ఎనిమిది నెలలు వంతెన మీద నడిచాను, ఉన్న రూలు తప్పి రెండు నెలలు ఊళ్లో దర్జాగా తిరిగాను.

చేసేదేముంది. కదలని కారులోనే ఇద్దరం ఎక్కి, తలుపులు బార్లా తెరిచి, క్యారియరు విప్పాం. చింతచిగురు రొయ్యలు. గోదావరి గాలి వస్తోంది. ప్రభ రెండు ముద్దలు తిని ఆగిపోయింది.

“నువ్వు నడిచొస్తున్నావని తెలిస్తే నేనే ఆటోలో వచ్చేదాన్ని కదే. ఇప్పుడు రాలేదూ?”

“మరి ఒక్కసారీ రాలేదేం?”

“నువ్వు రమ్మన్నావా? ఒక్కర్తివీ ఉండడం అలవాటైపోయిందేమో, నేనొచ్చి కూర్చుంటే ఇబ్బందేమోననుకున్నా. ఆయన పొలం పోయాక నేనూ పళ్లెం పట్టుకుని టీవీ ముందే కూర్చుంటున్నా, ఏమనుకున్నావ్.”

అది రాలేదేమోనని నేను పిలవలేదు. నేను పిలవలేదని అది రాలేదు. గోదావరికి అటొకత్తె, ఇటొకత్తె, ఎదురుగా ఎవరూ లేకుండా అన్నం తిన్నాం.

అందుకని అప్పటికప్పుడు, కుడిచేతికి కూరుండగా, ఎడమచెయ్యి స్టీరింగు మీద పెట్టి గంభీరంగా ప్రమాణం చేశాను. ఇకమీదట ఎంత చిన్నవాణ్నైనా డౌటు అడుగుతాను. వాహనాల పన్ను గురించి, ఇన్సూరెన్సు గురించి వీధి గ్రూపుని ఈ జన్మలో నమ్మను. మనిషి రాదని నాకు నేనే తేల్చేసుకుని పిలవడం మానను. ఇది తప్పితే నా లైసెన్సు గోదాట్లో కలిసిపోవుగాక!

“ప్రమాణాలకేంలే,” అంది ప్రభ వేళ్లు నాకుతూ. “ముందు పిలువు, చూద్దాం.”

“వచ్చే ఆదివారం మా ఇంటికి రావే ప్రభా,” అన్నాను.

ఇన్నేళ్ల స్నేహంలో ఆ మాట అనడం అదే మొదటిసారి.